మార్సే మెట్ల మీంచి నన్ను లేపి తీసుకెళ్ళిన అమ్మకి

ఇప్పుడే లియోన్‌లో రూముకొచ్చి పడ్డాను. రెండు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు, తప్పులుంటే సర్దుకోండి. కంగారుపడ్డవాళ్ళందరికీ ఒకేసారి చెప్తున్నా, బాగానే ఉన్నాను.

నాలుగు రోజులు, 150 యూరోలు, వీపున ఒక సంచీ. ఫ్రాన్స్ దక్షిణాన సముద్రం ఒడ్డునున్న మార్సే చూడ్డానికి అదీ నా ప్లాను. మొదటిరోజు పాత రేవు నుంచి కొండమీది బంగారు మేరీమాత దాకా నడిచే ఎక్కాను (బస్సు డబ్బులు మిగిలాయని ఎంత సంబరమో!). సాయంత్రం సేన్ షార్ల్ స్టేషను ముందున్న 104 మెట్ల మీద కూర్చుని ఊరిని ఫొటో తీసుకున్నాను. తిరిగి చూస్తే పక్కన పెట్టిన చిన్న బ్యాగు లేదు. పాస్‌పోర్టు, పర్సు, కార్డులు అన్నీ అందులోనే.

పోలీసులేమో వేళయిపోయింది, రేపు రమ్మన్నారు. హాస్టల్లో పాస్‌పోర్టు చూపిస్తేనే మంచం అన్నారు. డబ్బు ముందే కట్టాను కదండీ అంటే వినరే! పోయిందని కాగితం తెమ్మంటారు. ఆ కాగితం ఇచ్చేవాళ్ళేమో గుర్తింపు కార్డేదంటారు. కార్డుంటే వీళ్ళ గుమ్మం ఎందుకు తొక్కుతాను?

మళ్ళీ ఆ మెట్ల మీదికే వచ్చాను. మిస్ట్రాల్ గాలి ఎముకల్లోకి దూరుతోంది. స్టేషన్లో ఊడ్చే పని ముగించుకుని దిగుతున్న ఒక పెద్దావిడ నా ముందు ఆగింది. నా వచ్చీరాని ఫ్రెంచ్ సగం విని, "తిన్నావా?" అంది. అంతే, బావురుమన్నాను.

తనతో ఇంటికి తీసుకెళ్ళింది. జేజ్ స్టేషను దాకా మెట్రో, అక్కణ్ణుంచి బస్సు. ఉత్తరం పేటలవైపు పొరపాటున కూడా వెళ్ళొద్దని రీల్స్‌లో తెగ చెప్తారు చూడండి, ఆవిడ ఇల్లు అక్కడే. కొమోరోస్ దీవుల మనిషి. వేడన్నం, కొబ్బరిపాలలో ఉడికించిన కర్రపెండలం ఆకుల కూర పెట్టింది. చెంచా పట్టుకుని తటపటాయిస్తుంటే నా చేతిలోంచి లాగేసి, కలుపుకోమన్నట్టు వేళ్ళు ఆడించింది. పడుకునేముందు తన ఎర్రటి బట్ట కప్పింది. దాన్ని షిరోమానీ అంటారట. నాకు శిరోమణి అని వినబడి, ఏడుపులోనే నవ్వొచ్చింది.

మర్నాడు సెలవు పెట్టి నాతో పోలీస్ స్టేషన్లో మూడు గంటలు కూర్చుంది. ఆవిడ గొంతు పెంచాకే కాగితం చేతికొచ్చింది. ఆ సెలవుకి జీతం కోస్తారని తర్వాత తెలిసింది. డబ్బిస్తే తీసుకోలేదు, పేరు రాయొద్దంది.

అమ్మా, నాన్నా, అన్నయ్యా, మీ సంగతి మీకు తెలుసు.

అన్నట్టు, ఫోను చార్జింగ్ పెట్టుకోనిచ్చిన నొవాయ్ బజారు రొట్టెల కొట్టు కుర్రాడికీ, అడిగిన పది నిమిషాల్లో 60 యూరోలు పంపిన లియోన్ తెలుగు గ్రూపుకీ థాంక్స్. 2025లో మార్సేలో మన కాన్సులేట్ తెరిచారని, పారిస్ పరిగెత్తక్కర్లేదని చెప్పింది కూడా ఆ గ్రూపులోవాళ్ళే.

అయ్యో, బస్సులో పవర్ బ్యాంక్ ఇచ్చిన పాలకొల్లు అబ్బాయీ! అది నా దగ్గరే ఉండిపోయింది. అడ్రస్ పెట్టు, పంపిస్తా.