మంత్రి గారూ, మేక చనిపోతే పోయేది డబ్బొక్కటే కాదు

గౌరవనీయులైన పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కొద్దిపాటి పొలంలో మేకలు పెంచుకుని బతికే మనిషిని నేను. మీ శాఖ కాగితాల్లో మేకల గురించి ఏమేం అడుగుతారో నాకు కంఠతా వచ్చు. ఆడవి ఎన్ని, పోతులు ఎన్ని, ఈ ఏడు ఎన్ని ఈనాయి, ఎన్ని అమ్మారు, ఎన్ని చనిపోయాయి. చివరి గడి దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోతుంది. అక్కడ ఒక అంకె వేసి సంతకం పెట్టాలి, అంతే. పశువుల మీద బతికేవాళ్లకు పశువు చావంటే నష్టమేనని, పరిహారమో బీమానో అందితే అది తీరిపోతుందని అనుకుని చేసిన ఏర్పాట్లు ఇవి. అలా అనుకోవడం వల్ల మేకలకూ కీడు జరుగుతోంది, మేకలు పెంచే మనుషులకూ జరుగుతోంది. అది చెప్పడానికే అందరి ముందూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు సంతోషం సంగతి చెప్పనివ్వండి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

మందలో ఏ మేక స్వభావం దానిదే. మా చుక్కకు వాన అంటే పడదు, నాలుగు చినుకులు పడితే చాలు అన్నిటికన్నా ముందు కొట్టంలోకి దూరుతుంది. జాజి గేటు గడియ తీయడం నేర్చుకుంది, తీశాక పరుగెత్తదు, మేం చూశామో లేదో అని వెనక్కి తిరిగి చూస్తుంది. పొట్ట నిండాక సాయంత్రం పూట అన్నీ ఒకదానికొకటి ఆనుకుని పడుకుని నెమరు వేస్తుంటే, ఆ మధ్యలో కూర్చున్న మనిషికి పగలంతా ఉన్న టెన్షన్ ఎటు పోతుందో తెలియదు. ఇక పిల్లలు పుట్టిన వారానికే మొదలుపెట్టే గంతులు చూస్తూ నిలబడితే పని సాగదు. నాలుగు కాళ్లూ ఒకేసారి గాల్లోకి లేచి, పక్కకు తిరిగి దిగుతాయి. తల్లి వీపు మీదికి ఎక్కుతాయి, అది లేస్తే మన వీపు మీదికి ఎక్కుతాయి.

అవి మనల్ని గమనిస్తూనే ఉంటాయి. ఇది పెంచుకునేవాళ్ల భ్రమ కాదు. ఇంగ్లండ్‌లోని ఒక మేకల సంరక్షణ కేంద్రంలో శాస్త్రవేత్తలు ఒకే మనిషి నవ్వు ముఖం ఫోటో, కోపం ముఖం ఫోటో పక్కపక్కన పెట్టి చూశారు. మేకలు ఎక్కువగా నవ్వు ముఖం దగ్గరికే వెళ్లాయి. ఆ ఫలితాలు 2018లో ప్రచురించారు. చదివినప్పుడు మా ఇంట్లో ఎవరం ఆశ్చర్యపోలేదు. మనసు బాగాలేని రోజున పాలు పితకడానికి కూర్చుంటే మేక కూడా కుదురుగా నిలబడదని మాకు తెలుసు. దాదాపు పదివేల ఏళ్ల కిందట ఇరాన్ జాగ్రోస్ కొండల్లో మనుషులు మేకల్ని మచ్చిక చేసుకున్న దగ్గర్నుంచీ ఈ రెండు జాతులూ ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూనే ఉన్నాయి.

మేక చూడి నిలిస్తే సుమారు 150 రోజులు. చివరి రోజుల్లో పొదుగు బిగుస్తుంది, తోక మొదట్లో ఉండే నరాలు వదులవుతాయి, మేక మందకు దూరంగా ఒక మూల చూసుకుని కాలితో నేల గీరుకుంటుంది. అప్పట్నుంచీ మాకూ నిద్ర ఉండదు. రెండు ముందు గిట్టలు, వాటి మీద ఆనించిన ముక్కు కనబడ్డాయంటే పిల్ల సరిగ్గా వస్తోందని అర్థం. అంతకంటే మంచి దృశ్యం నా బతుకులో నేను చూడలేదు. పిల్ల కింద పడగానే తల్లి దాన్ని నాకుతూ గొంతులోనే సన్నగా మూలుగుతుంది. మామూలప్పుడు మేక నోట అలాంటి పలుకు వినం, కొత్తగా పుట్టిన బిడ్డతోనే అలా మాట్లాడుతుంది. ఆ కాసేపట్లోనే దాని వాసన పట్టుకుంటుంది. మేకల్లో తల్లి రోగనిరోధక శక్తి మాయ ద్వారా బిడ్డకు చేరదు కాబట్టి మొదటి గంటల్లో తాగే ముర్రుపాలే దానికి ప్రాణం. మూడు కిలోల పిల్లకు మొదటి రోజు కనీసం 300 మిల్లీలీటర్లు పట్టించాలి. ఒక రోజు గడిచాక పేగులకు ఆ రక్షణను పీల్చుకునే శక్తే ఉండదు.

ఇంత దగ్గరగా నిలబడి చూసే చోటే అది చెయ్యి జారిపోతే ఎలా ఉంటుందో ఊహించండి.

జాజి వాళ్లమ్మ అలాగే పోయింది. గిట్టలు కనబడ్డాయి, ముక్కు కనబడలేదు. లోపల పిల్ల తల వెనక్కి తిరిగి ఉంది. అరగంట గట్టిగా నొప్పులు పడినా బిడ్డ కదలకపోతే సాయం కావాలని ఎవరైనా చెబుతారు. పశువైద్యం కోసం ఫోన్ చేశాం. తెల్లారాక రమ్మన్నారు. ఇంకో చోటికి చేస్తే, అక్కడివాళ్లు ఆవుల గురించి, కుక్కల గురించి అయితే చూస్తామని, మేకల సంగతి తమకు అంతగా తెలియదని నిజాయితీగానే చెప్పారు. ఫోన్‌లోనైనా ఎవరో ఒకరు ఉండి, నొప్పికీ నొప్పికీ మధ్య పిల్లను మెల్లగా లోపలికి నెట్టి తలను ముందుకు ఎలా తిప్పాలో చెప్పి ఉంటే అది బతికేదేమో. ఆ రాత్రంతా అది నా ఒళ్లో తల పెట్టుకుని నా వైపే చూస్తూ ఉంది. పరిష్కారం దొరకని సమస్య ఎదురైతే మేకలు మనిషి ముఖంలోకి చూస్తాయని 2016లో ఇంకో పరిశోధన చెప్పింది. ఆ పరిశోధన గురించి చదవకముందే నాకు ఆ విషయం ఇలా తెలియాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మిగతా మేకల్ని మేతకు వదలాలి, పాలు పితకాలి, తల్లి లేని పిల్లలకు సీసా పట్టాలి. ఏడవడానికి సమయం ఉండదు, చోటూ ఉండదు. పక్కవాళ్లు ఓదార్పుగానే అంటారు, మేకే కదా, ఇంకోటి కొనుక్కోవచ్చు అని. వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ అలా వినీ వినీ మా పని చేసేవాళ్లు బయటికి చెప్పుకోవడం మానేస్తారు.

అన్నిటికన్నా కష్టమైన సంగతి పోతుపిల్లలది. దీని గురించి మీటింగుల్లో ఎవరూ మాట్లాడరు. పుట్టే పిల్లల్లో ఇంచుమించు సగం మగవే. పాతిక ముప్పై ఆడమేకలకు ఒక్క పోతు సరిపోతుంది. మరి మిగతావి? సీసా పట్టి పెంచినవైనా, పేరు పెట్టుకున్నవైనా, పంపించేయాల్సిందే. మా చిన్న పొలం అన్నిటినీ మోయలేదు. ఈ లెక్క మాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసే పెంచుతాం. తెలిసినంత మాత్రాన బండి వచ్చిన రోజు తేలికగా గడవదు. పిల్లల్ని ఎక్కించాక తల్లులు కంచె దగ్గర నిలబడి అరుస్తూనే ఉంటాయి. రెండు మూడు రోజుల్లో మరిచిపోతాయిలే అని పెద్దవాళ్లు అంటారు. లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ పరిశోధకులు 2012లో ప్రచురించిన దాని ప్రకారం, పాలు మాన్పించి వేరు చేసిన ఎన్నో నెలల తరవాత కూడా తల్లిమేకలు తమ సొంత పిల్ల అరుపును రికార్డింగులో గుర్తుపట్టాయి. కొన్నిటి విషయంలో ఆ ఎడబాటు ఏడాది కూడా దాటింది.

అమ్మకాలు ఆపమని నేను అడగడం లేదు. మాంసం కోసమే మేకలు పెంచేవాళ్లు కూడా వాటిని ప్రేమగానే పెంచుతారు, నేను చూశాను. నేను అడిగేది ఆ చివరి రోజు గురించి. మా చేతుల్లో పెరిగిన పిల్లను ఇరుకు బండిలో, నీళ్లు లేకుండా, తెలియని మేకల మధ్య, గంటల తరబడి తిప్పకుండా దగ్గర్లోనే, నొప్పి తక్కువగా, భయం తక్కువగా పని ముగిసే ఏర్పాటు ఉండాలి. కోలుకోలేని జబ్బు చేసిన మేకను దాని కొట్టంలోనే బాధ లేకుండా సాగనంపే వైద్యుడు పిలిస్తే వచ్చేలా ఉండాలి. ఇప్పుడు ఆ దిక్కు లేక చాలామంది మేక తనంతట తాను పోయేదాకా పక్కన కూర్చుని చూస్తున్నారు. అది మేకకు ఎంత నరకమో ఆ ఇంటివాళ్లకూ అంతే.

ఈ దుఃఖంలో పెద్ద భాగం ఆపగలిగినదే అన్న సంగతి నన్ను ఇంకా బాధపెడుతుంది. మేకల ప్లేగు ఉంది కదా, మేం పారుడు రోగం అంటాం, మీ కాగితాల్లో పి.పి.ఆర్. అని రాస్తారు. జ్వరం, కళ్లూ ముక్కూ కారడం, నోటి పుండ్లు, పారుడు, ఆయాసం. టీకా అందని మందలో అడుగుపెడితే కొద్ది రోజుల్లోనే కొట్టం ఖాళీ చేసేస్తుంది. 1942లో ఐవరీ కోస్ట్‌లో మొదట గుర్తించిన ఈ రోగానికి మంచి టీకా ఉంది, ఒక్కసారి వేస్తే కనీసం మూడేళ్లు కాపాడుతుంది. 2030 నాటికి దీన్ని ప్రపంచంలోనే లేకుండా చేయాలని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 2015లోనే సంకల్పించాయి. గొడ్లను ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టిన పశువుల ప్లేగును 2011 నాటికి ఇలాగే భూమి మీద లేకుండా చేశారు. కాబట్టి ఇది అయ్యే పనే. టీకా చల్లదనం పోకుండా మా కొట్టం దాకా రావాలి, ఎప్పుడు వస్తుందో మాకు ముందే తెలియాలి.

కడుపులో రక్తం తాగే నట్టల విషయమూ అంతే. కింది కనురెప్ప లోపలి రంగు చూసి, ఎరుపు నుంచి తెలుపు దాకా ఐదు రంగులున్న కార్డుతో పోల్చి, ఏ మేకకు మందు కావాలో తేల్చే పద్ధతి దక్షిణాఫ్రికాలో తయారైంది. దాని పేరు ఫమాచా. అన్నిటికీ మందు పట్టించి నట్టలకు ఆ మందు అలవాటు చేయడం కన్నా ఇది మేలు. నేర్పడానికి ఒక పూట చాలు. నేర్చుకున్న మనిషికి తన మేక పాలిపోతుంటే చేతులు కట్టుకుని నిలబడాల్సిన అవసరం ఉండదు. మంత్రి గారూ, పోయిన మేక కన్నా ఆ చేతులు కట్టుకుని నిలబడటమే మమ్మల్ని ఎక్కువ రోజులు తింటుంది.

ఇంకొక్కటి, చెప్పడానికి కష్టమైనదే. అంటురోగం వచ్చినప్పుడు ప్రభుత్వమే మందల్ని చంపించాల్సిన పరిస్థితి రావచ్చు. నెదర్లాండ్స్‌లో క్యూ జ్వరం మేకల నుంచి మనుషులకు సోకి వేలమంది జబ్బుపడ్డప్పుడు, 2009 డిసెంబరు నుంచి కొన్ని నెలల్లోనే 50,000కు పైగా మేకల్ని చంపారు, వాటిలో ఎక్కువ చూడివే. మనుషుల ప్రాణాలు కాపాడటానికి తీసుకున్న నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ తరవాత రైతు ఇంట్లో ఏం మిగులుతుందో కూడా చూడాలి కదా. బ్రిటన్‌లో 2001లో గాలికుంటు వచ్చి అరవై లక్షలకు పైగా పశువుల్ని చంపాక, లాంకాస్టర్ యూనివర్సిటీ వాళ్లు కంబ్రియా ప్రాంతంలో 54 మంది చేత పద్దెనిమిది నెలలపాటు వారం వారం డైరీ రాయించారు. రోగం పోయి చాలాకాలమైనా ఆ మనుషుల్ని అవే దృశ్యాలు వెంటాడుతున్నాయని, దుఃఖం, భయం, అధికారుల మీద అపనమ్మకం వాళ్లలో ఉండిపోయాయని ఆ డైరీల్లో తేలింది. రైతులే కాదు, ఆ పని చేయాల్సి వచ్చిన పశువైద్యులూ సిబ్బందీ కూడా ఆ బాధలో ఉన్నారు. మీ సిబ్బంది గురించి కూడా ఆలోచించి అడుగుతున్నాను. మందను చంపాల్సి వస్తే ఎలా చేయాలో మీ దగ్గర నిబంధనలు ఉంటాయి. ఆ ఇంట్లో మనిషితో ముందు ఎవరు మాట్లాడతారు, చివరిసారి మేకల్ని చూసుకోవడానికి కాస్త సమయం ఇస్తారా, వారం తరవాత ఎవరైనా వచ్చి పలకరిస్తారా అన్నవి కూడా ఆ నిబంధనల్లో రాయించండి.

వీటిలో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు. రాత్రిపూట మేకల గురించి తెలిసిన మనిషి ఎత్తే ఒక ఫోన్ నంబరు. పశువైద్యం చదివేవాళ్లకు మేకల కాన్పు మీద ఇంకొంచెం ఎక్కువ శిక్షణ. టీకా తేదీలు ముందే చెప్పే మాట. మీ క్షేత్ర సిబ్బంది కొట్టంలో అడుగుపెట్టినప్పుడు మేకలెన్ని అని అడిగాక మీరెలా ఉన్నారని కూడా అడిగేలా చూడటం. ఒంటరిగా, పొద్దుగూకులూ పశువులతోనే గడిపే మనుషులు మా పనిలో ఎక్కువ. వాళ్లలో కొందరికి నెల మొత్తంలో గడప తొక్కే ప్రభుత్వ మనిషి మీ శాఖ మనిషే.

మళ్లీ ఈనే కాలం దగ్గరికొస్తోంది. మా కొట్టంలో నాలుగు చూడి మేకలున్నాయి, జాజికి ఇదే తొలిచూలు. మిగతావన్నీ మెల్లగా చూసినా సరే, రాత్రి ఫోన్ సంగతి మాత్రం ఈలోపే తేల్చమని వేడుకుంటున్నాను. నంబరు ఖాయమైతే ఇక్కడి మేకల పెంపకందార్లందరికీ తెలియజేసే పని నేను తీసుకుంటాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఇట్లు
మేకలు పెంచుకునే ఒక చిన్న రైతు