ప్లాట్‌ఫారాల ఎత్తు గురించి డివిజనల్ రైల్వే మేనేజర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

గంజాం జిల్లా సరిహద్దు స్టేషన్లలో మెమూ (తక్కువ దూరాలకు నడిచే కరెంటు ప్యాసింజరు రైలు) ఎక్కే తెలుగు, ఒడియా ప్రయాణికుల తరఫున రాస్తున్నాం. ప్లాట్‌ఫారాల ఎత్తు పెంచమని ఫిర్యాదు పుస్తకంలో రాసిన వినతులకు జవాబు రాలేదు కనుక నలుగురి ముందు అడుగుతున్నాం.

రైల్వే కొలతల ప్రకారం ఎత్తు ప్లాట్‌ఫారం పట్టా పైతలం నుంచి 760–840 మి.మీ. ఉండాలి. తక్కువ ఎత్తు రకం 455 మి.మీ. మించదు. రైలు పెట్టె నేల దాదాపు 1,200 మి.మీ. ఎత్తున ఉంటుంది. పైగా కంకర పోసి ట్యాంపింగ్ (పట్టాల కింద కంకరను గట్టిగా కూరడం) చేసిన ప్రతిసారీ పట్టాలు కొంత లేస్తాయి. ప్లాట్‌ఫారం ఆ మేరకు కుంగినట్టే. ఈ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

బండి ఆగే ఆ కాస్త సమయంలో బరంపురం ఆసుపత్రికి వెళ్ళే వృద్ధులు, గర్భిణులు, గంపలతో వచ్చే ఆడవాళ్ళు అంత ఎత్తు ఎక్కలేక కడ్డీ పట్టుకుని వేలాడుతున్నారు. కాలు జారితే పడేది చక్రాల పక్కనే.

పట్టాలపై తిన్నని బద్ద ఆనించి, లెవెల్ చూసి, అంచు రాయి పైవరకు కొలవండి. ప్రతి 20 మీటర్లకూ కొలిచి, ఆ అంకెలను నెలలోగా స్టేషన్ నోటీసు బోర్డుపై పెట్టించండి. 760 కన్నా తక్కువున్న చోట అంచు గోడ లేపి, మొరం దిమ్మిస కొట్టించి, వాన నీరు పట్టాల వైపు రాకుండా వాలు పెట్టించండి. పని పూర్తయ్యే తేదీని రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
గంజాం జిల్లా మెమూ ప్రయాణికులు