ఆ 14 రాజ్‌పుత్‌ల సంగతి, ఇంకా షెడ్డు కబుర్లు

అందరికీ నమస్కారం.

విశాఖ అల్లిపురంలో మన ఓడ బొమ్మల షెడ్డు నుంచి రాస్తున్నాను. రెండు నెలలుగా ఫోన్ చేసినవాళ్లందరికీ "వచ్చే వారం" అని చెప్పి చెప్పి ఆ మాటంటే నాకే సిగ్గేస్తోంది. అందుకే ఏం జరిగిందో, ఎవరి ఆర్డర్ ఎక్కడుందో, ధర ఎందుకు పెంచుతున్నానో ఒకేసారి రాసేస్తున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ముందు తప్పు సంగతి. 1980లలో ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక మీద కలిసి పనిచేసి రిటైరైన నేవీ పెద్దలు కొందరు 14 మోడళ్లు చేయమన్నారు. 1:350 స్కేలు, అంటే 147 మీటర్ల ఓడ 42 సెంటీమీటర్లకు వస్తుంది. కింద చెక్క స్టాండు, పైన అద్దాల పెట్టె. ఒక్కోటి 6,800 రూపాయలు, సగం అడ్వాన్సు ఇచ్చారు. ఈ డిసెంబరు 4న, నేవీ డే రోజు, అందరూ కుటుంబాలతో కలవాలనుకున్నారు. నేను ముందే ఇచ్చేశాను. తొందరగా ఇచ్చానని సంబరపడ్డాను కూడా.

మూడో రోజు వాళ్లలో ఒకాయన గాజువాక నుంచి బస్సెక్కి వచ్చారు. గుడ్డ సంచిలోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టి, కళ్లజోడు సవరించుకుని, నా బల్ల మీదే ఉన్న చీపురు పుల్ల తీసుకుని బ్రిడ్జి (ఓడను నడిపే గది) పక్కన చూపించారు.

"ఇవేంటి బాబూ?"

"బ్రహ్మోస్ పెట్టెలండీ."

"మేం ఓడ దిగింది 87లో. అప్పటికి ఇదెక్కడుంది?"

నా దగ్గర జవాబు లేదు. బ్రహ్మోస్ క్షిపణిని మొట్టమొదటిసారి పరీక్షించిందే 2001 జూన్ 12న. వాళ్ల కాలంలో అక్కడ ఉన్నవి పాత సోవియట్ క్షిపణుల గొట్టాలు, బ్రిడ్జికి రెండు పక్కలా, దేనికది విడిగా. తరవాతి కాలంలో వాటిలో కొన్ని తీసి, రెండేసి బ్రహ్మోస్‌లు పట్టే పెట్టెలు బిగించారు. నేను చేసి ఇచ్చింది ఆ తరవాతి రూపం. నంబరు డి51 సరిగ్గానే ఉంది, పొడవు సరిగ్గానే ఉంది, పొగగొట్టాలూ ఉన్నాయి. ఆయన ఎక్కిన ఓడ మాత్రం అది కాదు.

రాజ్‌పుత్ 1980 మే 4న జార్జియాలోని పోటీ అనే రేవులో మన నేవీలో చేరింది. 2021 మే 21న ఇక్కడే, మన విశాఖ డాక్‌యార్డులో జెండా దించింది. 41 ఏళ్లు. ఇల్లయినా అన్నేళ్లలో రెండు సార్లు గోడలు మారతాయి, యుద్ధనౌక మారదా? ఇంకో సంగతి. ఒకే తరగతి ఓడలు కూడా ఒకేలా ఉండవు. రాజ్‌పుత్‌లో బ్రహ్మోస్ పెట్టెలు ఏటవాలుగా ఉంటే, దాని చెల్లెలి లాంటి రణ్‌వీర్ నుంచి 2008 డిసెంబరులో అదే క్షిపణిని నిలువుగా వదిలారు. ఇవన్నీ తెలిసే ఈ పని చేశాను. అదే బాధ.

తప్పు ఎవరిదని కొందరు అడిగారు. కంప్యూటర్లో డ్రాయింగ్ చేసేది నా మేనల్లుడు. వాడు ఆ రోజు అడిగాడు కూడా, "మావయ్యా, ఏ ఏడాదిది వెయ్యమంటావు?" అని. నేను పనిలో ఉండి, "ఓడ ఒకటేగా, కానియ్" అన్నాను. కాబట్టి వాడిని ఏమీ అనకండి.

మొదట అడ్డదారి చూశాను. పెట్టెలు గీకి తీసేసి, ఆ చోట గొట్టాలు అతికిద్దామని. రెండింటి మీద ప్రయత్నిస్తే డెక్ మీద మచ్చలు పడ్డాయి, రంగు కలవలేదు. గాజువాక పెద్దాయన అయితే కనిపెట్టేస్తారు. అందుకే 14 మోడళ్లూ వెనక్కి తెప్పించి, బ్రిడ్జి భాగం మొత్తం కొత్తగా ప్రింట్ చేసి వేస్తున్నాను. వాళ్ల దగ్గర పైసా తీసుకోవడం లేదు. లాభం సంగతి అటుంచితే, నా చేతి నుంచి 31 వేలు పడింది. ఇది రాసే రోజుకి తొమ్మిది పూర్తయ్యాయి, ఐదు మిగిలాయి. మిగతా మీ ఆర్డర్లన్నీ వెనక్కి పోవడానికి కారణం ఇదే. క్షమించండి.

ఇక నుంచి ఆర్డర్ రాసుకునేటప్పుడు ఓడ పేరుతో పాటు సంవత్సరం కూడా అడుగుతాను. మీ నాన్నగారి ఓడ, మీ మావయ్య ఓడ అని వస్తే ఆయన ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు ఉన్నారో కనుక్కుని రండి. ఇంట్లో పాత ఫోటో ఉంటే తీసుకురండి, వెనక తేదీ రాసి ఉంటే మరీ మంచిది. ఇప్పుడు సర్వీసులో ఉన్న యుద్ధనౌకలకు మాత్రం నేవీ బయటకు విడుదల చేసిన ఫోటోలే వాడతాను. దయచేసి డాక్‌యార్డు వైపు కెమెరా ఎత్తి తీసిన ఫోటోలు నాకు పంపకండి. చూడను, వెంటనే తీసేస్తాను.

సరుకు ఓడలకు ఈ బాధ ఇంకో రకం. మర్చంట్ నేవీలో ఉన్న పిల్లల అమ్మానాన్నలు మన దగ్గరకు చాలామంది వస్తారు. "మావాడి మొదటి ఓడ" అని పేరు చెబుతారు. ఓడ అమ్ముడుపోతే పేరు మారిపోతుంది, జెండా మారిపోతుంది, రంగు కూడా మారుతుంది. మారనిది ఐఎంఓ (అంతర్జాతీయ సముద్ర రవాణా సంస్థ) నంబరు ఒక్కటే. ఏడంకెలు, ఓడ పుట్టినప్పటి నుంచి తుక్కుగా విరగ్గొట్టేదాకా అదే. కాబట్టి పేరు కన్నా ఆ నంబరు తెండి.

ఆ నంబరు సరిగ్గా రాసుకున్నారో లేదో మీరే చూసుకోవచ్చు. మొదటి ఆరంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2 తో గుణించి కూడండి. వచ్చిన మొత్తంలో చివరి అంకె, నంబరులోని ఏడో అంకె ఒకటే అవ్వాలి. ఉదాహరణకి 9074729 తీసుకోండి. 63, 0, 35, 16, 21, 4 కూడితే 139. చివర 9 ఉంది, నంబరు చివర కూడా 9 ఉంది, సరిపోయింది. చివరి రెండంకెలూ తారుమారై 9074792 అని రాసుకుంటే మొత్తం 153 వస్తుంది, చివర 3. అంటే ఎక్కడో తప్పు పడింది. పోయిన నెల ఒకమ్మ ఇచ్చిన నంబరు ఇలాగే కుదరలేదు. అక్కడే నిలబడి కొడుక్కి ఫోన్ చేస్తే 6ని 8 అని విన్నారని తేలింది. ఓడ పేరు అప్పటికే రెండు సార్లు మారిపోయింది. నంబరు సరిచేసుకోకపోతే ఆవిడ ఇంట్లో ఇంకెవరి ఓడో కూర్చునేది.

తప్పుల పద్దులో తెప్ప కూడా ఉంది. గత వేసవిలో పిల్లల కోసం తెప్ప కిట్ పెట్టాను కదా. ఐదు దుంగలు, మధ్యది పొడుగ్గా, ఫెవికాల్‌తో అతికించుకోవాలి. జాలరిపేట తాత ఒకాయన మనవడి కోసం కొందామని వచ్చి, చేతిలోకి తీసుకుని ఒకటే నవ్వు. "అతికిస్తే తెప్ప ఎలగవుద్ది బాబూ? కట్టాల గానీ. ఒడ్డుకొచ్చాక ఇప్పి ఆరబెట్టుకోవద్దా?" నిజమే. దుంగలు నీళ్లు పీల్చి బరువెక్కుతాయి, అందుకే తాళ్లు విప్పి ఇసుకలో ఆరేస్తారు. మళ్లీ వేటకెళ్లేటప్పుడు కట్టుకుంటారు. ఆయన అక్కడే కూర్చుని నాకూ మేనల్లుడికీ ముడి వెయ్యడం నేర్పారు. నాకు మూడోసారికి వచ్చింది. ఇప్పుడు కిట్‌లో జిగురు లేదు, తాడు ఉంది. పాత కిట్ కొన్నవాళ్లు వస్తే తాడు ఊరికే ఇస్తాను. మన షెడ్డులో ఇప్పటిదాకా తయారైన వాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. 14 రాజ్‌పుత్‌ల కన్నా కూడా.

సోనా బోటు (చేపల వేట మరబోటు) కిట్‌లో అడ్డ ఫ్రేములు వదులుగా కూర్చుంటున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. 3 మిల్లీమీటర్లని కొన్న ప్లైవుడ్ కాలిపర్‌తో కొలిస్తే 2.7 తేలింది. లేజర్ మిషన్‌కి ఆ సంగతి తెలియదు, 3కే గాడి కోసింది. కొత్త షీట్లు కొలిచాకే కోస్తున్నాం. వదులుగా ఉన్న కిట్ తెస్తే మార్చి ఇస్తాను.

వానాకాలం గురించి కూడా చెప్పాలి. ఎండీఎఫ్ (చెక్క పొట్టు అతికించి చేసే పలక) స్టాండ్లు అంచుల దగ్గర ఉబ్బిపోయాయి. మన ఊరి గాలిలో ఎండీఎఫ్ పెట్టడం నా పిసినారితనం, అంతే. ఇక అన్నీ టేకు ముక్కలతోనే చేస్తాను, అందుకే అద్దాల పెట్టె మోడళ్ల ధర 350 రూపాయలు పెరుగుతుంది. అడ్వాన్సు ఇచ్చేసినవాళ్లకు పాత ధరే. స్టాండు టేకు అయితే ఓడ కూడా టేకుతో చెయ్యరాదా అని చాలామంది అడుగుతారు. టేకు మంచి కర్రే, కానీ దాని చారలు పెద్దవి. 1:100 స్కేలులో ఒక మిల్లీమీటరు చార అసలు ఓడ మీద 10 సెంటీమీటర్ల గాడిలా కనిపిస్తుంది. స్తంభాలకూ గుండ్రటి ముక్కలకూ ఏటికొప్పాకలో బొమ్మలు చేసే అంకుడు కర్ర వాడుతున్నాను. తెల్లగా, మెత్తగా ఉంటుంది, లేత్ మీద ముద్దుగా తిరుగుతుంది. అక్కడి కళాకారుడొకరు తిప్పి పంపుతారు. ఆయన పండగ ఆర్డర్లు అయ్యాకే మన వంతు.

ముసురు పట్టిన రోజు స్ప్రే రంగు వెయ్యం. తేమకి రంగు మీద తెల్లటి పొగమంచులాంటిది పడుతుంది, దాన్ని తీసి మళ్లీ వెయ్యడం కన్నా ఆగడమే చవక. "వానకీ రంగుకీ ఏంటండీ సంబంధం?" అని ఫోన్లో కోప్పడిన కస్టమర్‌గారూ, ఇదే సంబంధం.

ఇప్పుడు పనిముట్ల బాక్సు. 11 వస్తువులతో 2,400కి అమ్మేవాణ్ణి. ఆపేశాను. నిజం చెప్పాలంటే అందులో ఐదు వస్తువులు చాలామంది ఒక్కసారి కూడా వాడలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కురుపాం మార్కెట్ వైపు వెళ్లి, కంసాలి పనిముట్లు అమ్మే చోట సన్న రంపం, సూదుల్లాంటి ఆకురాళ్ల సెట్, మంచి శ్రావణం కొనుక్కోండి. చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు, అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు బిట్లు, స్టీలు స్కేలు, బ్లేడు కత్తి నా దగ్గర ఉన్నాయి. కరెంటు డ్రిల్లు మాత్రం మొదటి మూడు మోడళ్ల వరకు కొనకండి. దాని స్పీడుకి ప్లాస్టిక్ కరిగిపోతుంది, సన్న కర్ర చీలిపోతుంది. ఇక్కడ సముద్రపు గాలికి ఆకురాళ్లు ఊరికే తుప్పు పడతాయి, పని అయ్యాక కుట్టుమిషన్ నూనె గుడ్డతో తుడవండి. కిటికీల అద్దాలకు ఫెవిక్విక్ వాడకండి, దాని ఆవిరికి అద్దం తెల్లబారుతుంది. ఫెవికాల్ చాలు, ఆరాక కనపడదు.

జల ఉష మోడల్ ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు. ఇక్కడ సింధియా షిప్‌యార్డులో కట్టి, 1948 మార్చి 14న నెహ్రూగారి చేతుల మీదుగా నీళ్లలోకి దింపిన ఓడ. విశాఖలో ఓడ బొమ్మలు చేస్తూ దాన్ని చెయ్యకపోవడం నాకూ బాగాలేదు. కానీ రాజ్‌పుత్ దెబ్బ తిన్నాక తొందరపడను. మీ తాతగారో ముత్తాతగారో ఆ రోజుల్లో యార్డులో పనిచేసి ఉంటే, ఇంట్లో ఓడ ఫోటో ఉంటే, ఒక్కసారి తెచ్చి చూపించండి. మీ ముందే స్కాన్ చేసి వెంటనే ఇచ్చేస్తాను.

కుర్సురా జలాంతర్గామి కిట్లు 1:200లో పది సిద్ధంగా ఉన్నాయి, 46 సెంటీమీటర్లకు కాస్త తక్కువ పొడవు. కొన్నవాళ్లు రంగు వేసేముందు బీచ్ రోడ్డుకెళ్లి అసలు దాన్ని చూసి రండి. 2002 నుంచి అక్కడే కదలకుండా ఉంది. మనకు ఇంతకన్నా సుఖమైన ఓడ దొరకదు.

ఆదివారాలు షెడ్డు మూసే ఉంటుంది. పొద్దున ఆరింటికి కుర్సురా ఎదురుగా ఓ ఏడెనిమిది మందిమి బైనాక్యులర్లతో కూర్చుంటాం, రేవులోకి వెళ్లడానికి సముద్రంలో లంగరేసి ఎదురుచూస్తున్న ఓడలను గుర్తుపట్టడానికి. కిందిభాగం ఎర్రరంగు బాగా పైకి కనిపిస్తే ఖాళీ ఓడ, ఎక్కించుకోవడానికి వచ్చింది. అది మునిగి ఉంటే సరుకుతో వచ్చింది, మనకైతే చాలాసార్లు బొగ్గు. డెక్ మీద సొంత క్రేన్లు ఉన్నాయా లేవా అన్నది తరవాతి ప్రశ్న. పాత పేరు మీద రంగు వేసేసినా, వెల్డింగ్ చేసిన అక్షరాల గుర్తులు ఒక్కోసారి ఏటవాలు ఎండలో బయటపడతాయి. అవి చదవగలిగిన రోజు మాకు పండగ. గాజువాక పెద్దాయన కూడా రెండు వారాలుగా వస్తున్నారు. ఎవరైనా రావచ్చు. టీ డబ్బులు మాత్రం ఎవరివి వాళ్లవే, ఈ నెల నా పరిస్థితి చదివారుగా.