చిత్తూరు గోడౌన్ సరుకు ఎందుకు ఆగిపోయిందంటే

అన్నలందరికీ నమస్కారం. పోయిన వారం తిరుపతి షాపుకొచ్చి మోటార్ స్పేర్లు అడిగిన మీలో చాలామందికి "చిత్తూరు గోడౌన్లో ఉండాది, సాయంత్రానికి వస్తాది" అని చెప్పి తెప్పించలేకపోయినాం, పాకాల నుంచి ఒకన్న స్టార్టర్ కోసం రెండుసార్లు వచ్చిపోయినాడు, బోరు ఆగి చేను ఎండతా ఉంటే ఆ రెండు రోజులు ఎట్లుంటాయో నాకు బాగా తెలుసు. క్షమించండి. నెట్ బాలేదని కౌంటర్లో చెప్పినారంట, నెట్ బాగానే ఉండింది, తప్పు మాదే.

రెండు బ్రాంచిలున్న షాపులోళ్ళు కొందరు అసలేమైందని అడిగినారు, వాళ్ళకి పనికొస్తాదని వివరంగా రాస్తున్నా. మాకు తిరుపతిలో ఒక ఎస్‌క్యూఎల్ సర్వర్ (స్టాకు లెక్కలు దాచే డేటాబేస్), చిత్తూరులో ఒకటి, రెండూ లింక్డ్ సర్వర్‌గా, అంటే ఒకదాంట్లో నుంచి ఇంకోదాని డేటా వాడుకునేట్టు, కలిపినాం. చిత్తూరు మెషిన్ చెడిపోతే తిరుపతి మెషిన్‌కి విండోస్ వేసినప్పుడు తీసిపెట్టుకున్న డిస్క్ ఇమేజ్‌నే (డిస్క్ మొత్తానికి నకలు) కొత్తదాంట్లో ఎక్కించి, పేరు మార్చి, ఎస్‌క్యూఎల్ ఇన్‌స్టాల్ చేసి బ్యాకప్ రీస్టోర్ చేసినాం.

తిరుపతి నుంచి చిత్తూరు స్టాకు చూడబోతే మొదట 18456 ఎర్రర్, లాగిన్ ఫెయిల్డ్ అని. నేను ఎస్‌ఏ లాగిన్‌తో (సర్వర్ అడ్మిన్ లాగిన్) చూస్తే స్టాకంతా వస్తా ఉండాది, కౌంటర్ వాళ్ళు చూస్తే రాదు, ఒక పూటంతా వాళ్ళ కంప్యూటర్లనే అనుమానించినా. లాగిన్లు సర్వర్ సొంత మాస్టర్ డేటాబేస్‌లో ఉంటాయి, మన డేటాబేస్ బ్యాకప్‌తో రావు, ఎస్‌ఏకి రెండు చోట్లా ఒకే పాస్‌వర్డ్ కాబట్టి నాకు మాత్రం పనిచేసింది. చిత్తూరులో స్టాకు టేబుళ్ళ వరకే పర్మిషన్ ఉండే ఒక లాగిన్ పెట్టి, కౌంటర్ వాళ్ళందరినీ దానికి మ్యాప్ చేసినాం.

దాంతో స్టాకు కనపడింది, మీకు మాట ఇచ్చింది అది చూసే. కానీ ట్రాన్స్‌ఫర్ ఎంట్రీ సేవ్ కాలేదు, 7391 ఎర్రర్. అక్కడ తగ్గడం, ఇక్కడ పెరగడం రెండూ జరగాల, లేదంటే రెండూ జరగకూడదు, రెండు సర్వర్ల మధ్య ఈ పని విండోస్‌లోని ఎంఎస్‌డీటీసీ సర్వీసు చూస్తాది. రెండువైపులా నెట్‌వర్క్ డీటీసీ యాక్సెస్ ఆన్ చేసినాం, ఫైర్‌వాల్‌లో 135 పోర్టు, ఆ పైన అది వాడే డైనమిక్ పోర్టులు తెరిచినాం, అయినా అదే ఎర్రర్. మేము ట్రాన్స్‌ఫర్ చేసేది చిత్తూరు సర్వర్లో రాసిపెట్టిన ప్రొసీజర్‌ని (చిన్న ప్రోగ్రాం) పిలిచి కాబట్టి, లింక్డ్ సర్వర్‌లో ట్రాన్సాక్షన్ ప్రమోషన్ ఆప్షన్ (రెండువైపుల పనినీ ఒకటిగా కట్టి ఎంఎస్‌డీటీసీకి అప్పజెప్పేది) ఫాల్స్ పెడితే ఎర్రర్ పోతాది అని తెలిసిన తమ్ముడు చెప్పినాడు, నిజమే, పోతాది, కానీ మధ్యలో లైన్ తెగితే అక్కడ తగ్గిన సరుకు ఇక్కడికి ఎక్కదు, లెక్క తప్పాక మీకు చెప్పే ప్రతి మాటా తప్పే అవుతాది, అందుకే ఒప్పుకోలేదు.

చివరికి తేలింది ఏందంటే, ఒకే ఇమేజ్ నుంచి వచ్చినాయి కాబట్టి రెండు మెషిన్లకీ డీటీసీ గుర్తింపు నంబరు (సీఐడీ అంటారు) ఒకటే ఉండాది, ఎంఎస్‌డీటీసీకి అవి రెండూ వేరని తెలియలేదు. చిత్తూరులో ఆ సర్వీసు అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేసినాం, సెక్యూరిటీ సెట్టింగులు మళ్ళీ పెట్టాల్సొచ్చింది, మొదటి ట్రాన్స్‌ఫర్ సేవ్ అయింది. ఇమేజ్ నుంచి మెషిన్ చేసేటోళ్ళు ముందు సిస్‌ప్రెప్ (ఇమేజ్‌లో పాత మెషిన్ గుర్తింపులు తీసేసే విండోస్ టూల్) చేయించుకోండి.

ఆగిన ఆర్డర్లన్నీ చిత్తూరు నుంచి బండి ఎక్కినాయి. అడ్వాన్స్ కట్టినోళ్ళు రసీదు తెచ్చుకోండి, ఈలోపు వేరేచోట కొనుక్కున్నోళ్ళకి డబ్బులు పూర్తిగా వాపసు ఇస్తా.