మా చీటీల మీద బరువు తక్కువ రాశాం

పోయిన నెల మా దగ్గర దూలాలు తీసుకున్న ఒకరు పని జరిగే చోటి నుంచే ఫోను చేశారు. "మీ చీటీలో 554 కిలోలని ఉంది, క్రేన్ 702 చూపిస్తోంది. ఏది నమ్మమంటారు?" క్రేన్‌నే నమ్మండి అన్నాను. ఫోను పెట్టేశాక చాలాసేపు చెయ్యి ఆడలేదు.

ఆయన కొన్నది స్ప్రూస్ అనే చెట్టు కలప పలకలను జిగురుతో అతికించి చేసిన దూలం. వెడల్పు 200 మిల్లీమీటర్లు, ఎత్తు 600, పొడవు 12 మీటర్లు. ఆయన తెప్పించుకున్న క్రేన్ చేయి పూర్తిగా చాచితే 650 కిలోల వరకే మోయగలదు. మా చీటీని బట్టి దాదాపు వంద కిలోల వెసులుబాటు ఉందనుకున్నారు పాపం. దూలం లారీ మీద నుంచి జానెడు లేచిందో లేదో అలారం మోగింది. నడిపే మనిషి అనుభవం ఉన్నవాడు కాబట్టి వెంటనే కిందికి దించేశాడు. ఎవరికీ ఏమీ కాలేదు. క్రేన్‌ను దగ్గరికి జరిపి మళ్ళీ నిలబెట్టేసరికి సగం రోజు పోయింది. ఆ అద్దె మేమే ఇచ్చాం. తప్పు మాది కనుక అందులో గొప్పేమీ లేదు.

తప్పు గుణకారంలో లేదు. 0.2ను 0.6తో, దాన్ని 12తో గుణిస్తే 1.44 ఘనమీటర్లు, అది సరిగ్గానే వేశాం. దాన్ని దేనితో గుణించామన్నదే అసలు గొడవ. యూరప్ ప్రమాణం ఈఎన్ 14080లో ఈ రకం దూలానికి, అంటే జీఎల్ 24 హెచ్‌కు, సాంద్రత రెండు అంకెలుగా ఉంటుంది. ఒకటి ఘనమీటరుకు 385 కిలోలు, రెండోది సగటు, 420. మొదటిది కావాలనే కింది అంచున పెట్టిన అంకె. నూటికి 95 పాళ్ళ కలప అంతకంటే బరువుగానే ఉంటుంది. తేలిక కలపలో మేకు, మరమేకు పట్టు తక్కువ. అందుకని మేకులు, మరమేకులతో వేసే అతుకుల బలం లెక్కకట్టేటప్పుడు తక్కువ అంకె తీసుకోవడమే క్షేమం. క్రేన్ దగ్గర అదే అంకె ప్రమాదం. మేము ఏళ్ళ తరబడి అతుకుల పట్టికలోని 385నే తీసుకొచ్చి బరువు చీటీలో వేస్తున్నాం. ఇన్నాళ్ళూ పెద్ద క్రేన్లు రావడం వల్ల బయటపడలేదు, అంతే.

సగటు అంకె వేసినా 605 వస్తుంది. మిగతాది వాన పని. ఈ సాంద్రతలన్నీ కలపలో తేమ 12 శాతం దగ్గర ఉన్నప్పటివి. ఆ దూలం చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చిరిగి, మూడు వారాలు తడిసింది. తేమ మీటరు గుచ్చి చూస్తే 20 శాతం. పూర్తిగా ఎండిన కలప బరువు 1 అనుకుంటే, 1.12 ఉండాల్సిన చోట 1.20 అయిందన్నమాట, అంటే బరువు ఏడు శాతం పెరిగి సుమారు 648. పైగా రెండు కొసల్లో మేమే బిగించి పంపిన ఉక్కు పలకలు నాలుగు. ఒక్కోటి 500 పొడవు, 300 వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం. ఉక్కు ఘనమీటరుకు 7,850 కిలోలు తూగుతుంది కాబట్టి నాలుగూ కలిసి 47. బోల్టులు, ఎత్తడానికి కట్టే స్లింగు పట్టీలు మిగతా ఏడు. మా చీటీలో వీటిలో ఒక్కటీ లేదు.

జిగురు బరువు సంగతేమిటని చాలామంది అడుగుతారు. దాని గురించి బెంగ వద్దు, మొత్తం మీద ఒకటి రెండు శాతం మించదు.

ఇక నుంచి దూలం గేటు దాటే ముందు వేలాడే కాటాకు తగిలించి తూస్తాం. ఆ రోజు తేమ ఎంతో, ఉక్కు బిగించాక ఎంత తూగిందో, రెండూ దూలం కొస మీదే రాస్తాం. ఒంపు దూలాలకు ఇంతకుముందు కొస నుంచి కొసకు తిన్నగా ఉన్న అడ్డకొలతే వేసేవాళ్ళం, అదీ తప్పే. 20 మీటర్ల అడ్డానికి 4 మీటర్లు లేచే ఒంపు వెంట కొలిస్తే 22 మీటర్లు ఉంటుంది. ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా ఉండే వాటికి సగటు ఎత్తుతో బరువు సరిగ్గానే వస్తుంది కాని, ఎక్కడ పట్టి ఎత్తాలో తెలియదు. 12 మీటర్ల దూలం ఎత్తు ఒక కొస 800, ఇంకో కొస 400 మిల్లీమీటర్లు ఉంటే బరువు నిలిచే చోటు నడిమధ్య కాదు, లావు కొస వైపు 67 సెంటీమీటర్లు జరిగి ఉంటుంది. అక్కడ ఎర్ర గీత గీసి పంపుతాం.

మా పాత చీటీ ఉండి, దూలం ఇంకా ఎత్తని వారికి ఒక్క మాట. ఆ అంకెను నమ్మకండి. ఆర్డరు నంబరు చెబితే అదే రోజు కొత్త లెక్క ఇస్తాం. ఈలోగా ఈ రకం స్ప్రూస్‌కు ఘనమీటరుకు 500 వేసి, ఉక్కును విడిగా కలపండి. గట్టి కలపకు ఈ అంకె చాలదు, దానికి మమ్మల్ని అడగాల్సిందే. ప్లాస్టిక్ చిరిగి ఉంటే మాత్రం తేమ చూడకుండా క్రేన్‌ను పిలవకండి.

385 అని రాసిన కాగితాన్ని గోడ మీద నుంచి తీసేద్దామంటే మా వడ్రంగి ఒప్పుకోలేదు, అతుకుల లెక్కకు ఆయనకు అది రోజూ కావాలి. దాని కింద ఎర్ర సిరాతో "ఎత్తడానికి కాదు" అని రాయించాను.