ఆదివారం మ్యాచ్ సంగతి

అందరికీ నమస్తే. మన ఆన్‌లైన్ తుపాకుల గేమ్ పోటీలో ఆదివారం జరిగిన గాజువాక, మద్దిలపాలెం టీమ్‌ల మ్యాచ్ రికార్డింగ్ రెండుసార్లు చూశాను. నెట్ పోయిందని గాజువాక తమ్ముళ్ళు అన్నారు. నెట్ పోతే మనిషి ఉన్నచోటే ఆగిపోతాడు గానీ, తుపాకి పడేసి ఎదుటివాళ్ళ ముందుకు నడిచి వెళ్ళడు కదా! గ్రూప్‌లో రెండో స్థానానికి వస్తే సెమీస్‌లో తేలిక టీమ్ తగులుతుందని కావాలనే ఓడారని నా అనుమానం.

డబ్బు లేదుగా, తప్పేంటి అంటారేమో. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల బ్యాడ్మింటన్ డబుల్స్‌లో దాదాపు ఇదే లెక్క వేసుకున్న నాలుగు జంటలను పోటీ నుంచి తీసేశారు. ఇక డబ్బు కలిస్తే పరువే పోతుంది. 2013లో డోటా 2 అనే వీడియో గేమ్ ఆటగాడొకడు తన టీమే ఓడుతుందని పందెం కాశాడు. ఆ పందెం గెలిస్తే వచ్చేది 322 డాలర్లు. ఈ రోజుకీ ఎవరైనా చెత్తగా ఆడితే చాట్‌లో '322' అని కొట్టేది అందుకే.

ర్యాంకు దించుకుని కొత్త పిల్లల మీద ప్రతాపం చూపించడానికి ఓడేవాళ్ళూ ఈ గ్రూప్‌లో ఉన్నారు. పేర్లు వద్దులెండి, మా తమ్ముడే ఒకడు.

ఆ మ్యాచ్ పాయింట్లు రద్దు. శనివారం రాత్రి 8 గంటలకు మళ్ళీ ఆడాలి, అందరూ స్క్రీన్ రికార్డింగ్ పెట్టుకోండి. సెమీస్‌లో ఎవరితో ఎవరన్నది ఇకనుంచి గ్రూప్ మ్యాచ్‌లు అయ్యాకే చీటీలు వేసి తీస్తాం. అభ్యంతరాలుంటే ఇక్కడ తిట్టుకోవద్దు. రేపు సాయంత్రం ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర ఉంటాను, రండి. మురీ మిక్చర్ ఖర్చు నాది.