గుండె లయ తప్పిన సంగతి డిశ్చార్జి కాగితంలో రాయాలి

సంపాదకులకు నమస్కారం.

గుండెపోటు మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు రక్తనాళంలో అడ్డు, దానికి వేసే స్టెంటు దగ్గరే ఆగిపోతున్నాయి. కార్డియాక్ ఐసీయూలో నర్సుగా పనిచేసే నాకు వాటిలో కనబడని విషయం ఒకటుంది. గుండెపోటుతో చేరిన కొందరికి ఆసుపత్రిలో ఉండగానే గుండె లయ తప్పుతుంది. జఠరికల్లో, అంటే గుండె కింది గదుల్లో పుట్టే ప్రాణాంతకమైన లయ అయితే అలారం మోగగానే షాక్ మెషీన్‌తో పరిగెత్తుతాం, దాన్ని ఎవరూ మరిచిపోరు. నేను రాస్తున్నది అంత హడావిడి చేయని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ గురించి, అంటే కర్ణికలు (గుండె పై గదులు) వణకడం వల్ల లయ తప్పడం గురించి.

అది మొదలైనప్పుడు రోగి చాలాసార్లు నిద్రలోనే ఉంటారు. మానిటర్ మీద 80 దగ్గర నిలకడగా ఉన్న అంకె ఉన్నట్టుండి 130, 112, 145 అని మారిపోతూ ఉంటుంది. పైకి లేచే ప్రతి పెద్ద గీతకు ముందు ఉండాల్సిన చిన్న బుడిపె మాయమవుతుంది. గీతకూ గీతకూ మధ్య దూరం ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదు. మణికట్టు పట్టుకుని లెక్కపెడితే మానిటర్ చూపిన దానికంటే తక్కువ వస్తుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ నాడి దాకా చేరేంత రక్తం బయటికి రాదు మరి. ఈసీజీ తీస్తాం, పొటాషియం చూస్తాం, డాక్టరు గారు మందు రాస్తారు. చాలామందికి కొన్ని గంటల్లో లయ దారికొస్తుంది. తెల్లారాక ఇంటివాళ్లకు “రాత్రి కాస్త దడ వచ్చింది, తగ్గిపోయింది” అని చెప్పి ఊరుకుంటారు. నా బాధంతా ఈ మాటతోనే.

కర్ణికలు ముడుచుకోకుండా వణుకుతున్నప్పుడు ఎడమ కర్ణికకు ఆనుకుని ఉన్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు వెళ్తే పక్షవాతమే. ఈ జబ్బు ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు సుమారు ఐదు రెట్లని 1991లోనే అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ గుండె అధ్యయనం చెప్పింది. గుండెపోటు సమయంలో వచ్చి తగ్గినదైనా మళ్లీ రావచ్చు. వయసు, బీపీ, షుగర్, గుండె నీరసం, ఇదివరకు పక్షవాతం వచ్చిందా లేదా అన్నవి చూసి రక్తం పలచబడే మందు కావాలో వద్దో డాక్టర్లు తేలుస్తారు. అసలు లయ తప్పిన సంగతే కాగితం మీద లేకపోతే తర్వాత చూసే డాక్టరు ఏం తేలుస్తారు?

షుగరూ బీపీ రెండూ ఉన్న ఒక పెద్దావిడ స్టెంటు వేయించుకుని వెళ్లి, కొన్ని నెలలకు మూతి వంకర పోయి, కుడి చెయ్యి లేవని స్థితిలో మళ్లీ వచ్చారు. పాత డిశ్చార్జి కాగితంలో స్టెంటు కొలత కూడా ఉంది. లయ తప్పిన ముక్క మాత్రం ఎక్కడా లేదు. అది రాసి ఉంటే ఆవిడకు ఇలా అయ్యేది కాదని నేను చెప్పలేను. కనీసం ఆ ప్రశ్న ఎవరో ఒకరు వేసేవారు.

రక్తం పలచబడే మందు రాయించుకున్న రోగులకూ తంటా ఉంది. స్టెంటు కోసం ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఈ గడ్డలను ఆపడానికి సరిపోవు. అలాగని రక్తం పలచబడే ఆ మందును మూడోదిగా కలిపి మూడూ నెలల తరబడి వాడితే రక్తస్రావం భయం. ఇలాంటి రోగులు 4,614 మందితో జరిగి 2019లో వెలువడిన అగస్టస్ అధ్యయనంలో ఆస్పిరిన్ వాడినవాళ్లలో 16.1 శాతం మందికి రక్తస్రావమైతే, ఆస్పిరిన్ లేకుండా మిగతా మందులు వాడినవాళ్లలో అది 9 శాతమే. అందుకే ఇప్పుడు చాలామందికి కొద్ది రోజులే మూడు మందులిచ్చి, ఆపైన రెండు, సుమారు ఏడాది తర్వాత రక్తం పలచబడే ఆ మందు ఒక్కటే ఉంచుతున్నారు. ఏది ఎప్పుడు ఆపాలో ఇంటివాళ్లకు విడమరిచి చెప్పకపోతే “ఇన్ని బిళ్లలెందుకు” అని ఉండాల్సినదాన్నే ఆపేస్తారు. అలాంటివాళ్లను చూస్తే నాకు నిజంగా టెన్షన్.

మీ ఆరోగ్య పేజీలో ఈ విషయం వివరంగా రాయించండి. ఇంటికి వెళ్లే రోజు ప్రతి కుటుంబం “లయ ఏమైనా తప్పిందా, తప్పితే కాగితంలో రాశారా” అని అడగాలి. లయ తప్పినప్పటి ఈసీజీ కూడా అడిగి జిరాక్స్ తీయించి పెట్టుకోవాలి. అసలు ఈసీజీ కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
కార్డియాక్ ఐసీయూ